చుక్కలో తిన్నగా నిలబడ్డవాడు

పెళ్లిళ్లకు ఫోటోలు తీసే ఆ మహాతల్లికి ఇంట్లో మరో పిచ్చి ఉండేది. వంటింటి కుళాయి కాస్త వదులుచేసి, కొసన వేలాడే చుక్కల్ని ఫోటోలు తీస్తూ కూర్చునేది.

"నేను కుళాయి సరిగ్గా కట్టకపోతే వీపు విమానం మోత మోగిస్తావు. నువ్వు మాత్రం వదిలేయొచ్చా?" అని ఏడేళ్ల కూతురు దెప్పేది.

ఆ రాత్రి పిల్ల వంటింట్లోనే, తల్లి వెనక చాప మీద పడుకుంది. వేరే గదిలో ఒంటరిగా పడుకోవాలంటే దానికి హడలు మరి!

తల్లి ఒక ఫోటోను పెద్దది చేసి చూసింది. చుక్కలో ఏదైనా తలకిందులుగానే కనబడుతుంది కదా. ఫ్యాను అడుగుకు పోయింది. చాప, దాని మీద పిల్ల పైకెక్కాయి. ఆ రెండింటి మధ్య మాత్రం ఎవరో తిన్నగా నిలబడి ఉన్నాడు.

నీడేమో అనుకుని మళ్లీ తీసింది. చుక్క మారినా మనిషి కదల్లేదు. అన్నీ తిరగబడినప్పుడు వీడొక్కడే తిన్నగా ఎలా ఉన్నాడో ఎంతకీ ఆమె బుర్రకెక్కలేదు. ఎక్కగానే కెమెరా పక్కన పెట్టేసింది. అలా కనబడాలంటే గదిలో వాడు తలకిందులుగా ఉండాలి. పాదాలు ఫ్యాను దగ్గర, తల పిల్ల మొహం మీద.

వెనక్కి తిరుగుదామంటే మెడ తిరగలేదు. వాడి ఊపిరి చప్పుడేమైనా వినిపిస్తుందేమోనని కుళాయి బిగించి కట్టేసింది. చుక్కల చప్పుడు ఆగిపోయింది.

వెనక నుంచి నిద్రమత్తు గొంతు వినిపించింది.

"అమ్మా, కుళాయి కట్టెయ్యవా! చుక్కలు నా మొహం మీద పడుతున్నాయి."