నీలిమందు కంచె

"ఒరే పరదేశీ, ఇదిగో సూడు మీ మేనేజరు సేసిన పని," అంటూ అచ్చియ్యమ్మ వడిలిపోయిన వంగనారు పిడికెడు తెచ్చి పరదేశి వాకిట్లో పడేసింది.

మేనేజరంటే పరదేశి ఇంటి కుక్క. పొద్దంతా పడుకుని సాయంత్రం లేచి అందరి మీదా అరుస్తుందని దానికా పేరు పెట్టారు. ఎండెక్కగానే అది పక్కనున్న అచ్చియ్యమ్మ పొలంలోకి దూరిపోతుంది. అందులోని చెరకుతోట వారగా తడిపి ఉంచిన నారుమడిని గోళ్ళతో తవ్వి, ఆ చల్లటి బురదలో హాయిగా పొర్లుతుంది. ఇలా మడి పాడవడం ఇది మూడోసారి. వంగ నాటే అదను కూడా దాటిపోతోంది. ఆవిడ కోపంలో అన్యాయమేమీ లేదు.

అచ్చియ్యమ్మ ఒక్కటే మాట చెప్పింది. శనివారం చీడికాడ నుంచి అల్లుడు ఆటో వేసుకుని వస్తాడు. పోయేటప్పుడు కుక్కని ఎక్కించుకుపోయి అక్కడెవరి మేకల మందలోనో వదిలేస్తాడు.

ఆ మాట వినగానే పరదేశి పెళ్ళాం రాజ్యం చేతిలో చేట పక్కన పెట్టి కూలబడిపోయింది. మొగుడు చెవిన పెట్టని కబుర్లన్నీ ఎదురుగా కూర్చుని వినేది ఆ కుక్కొక్కటే. అది లేని ఇల్లు ఆమె ఊహకే అందలేదు. కట్టేసి ఉంచుతామని బతిమాలింది. ఆ ముచ్చటా ఇదివరకే అయిందని అచ్చియ్యమ్మ గుర్తుచేసింది. తాడేస్తే కొరికేసింది. గొలుసేస్తే అది ఏడ్చిన ఏడుపుకి, ఎవరో పోయారనుకుని వీధంతా వచ్చి వాకిట్లో నిలబడింది.

"శనివారం దాకా టైమియ్యత్తా," అన్నాడు పరదేశి. "అది నీ గట్టు దాటకుండా సేసే పూచీ నాది."

"దాటితే?"

"దాటితే నానే ఆటో ఎక్కిస్తాను."

రాజ్యం మొగుడి వైపు చూసిన చూపుకి ఆ పూట అతను అన్నం అడగడానికి కూడా జంకాడు.

మర్నాడు పరదేశి చోడవరంలో బస్సు దిగి నడుస్తుంటే ఒక వీధిలో ప్రతి గేటు ముందూ నీలం నీళ్ళ సీసాలు కనబడ్డాయి. నీళ్ళలో నీలిమందు కలిపి పెడితే కుక్కలు ఆ దరిదాపులకి రావని అందరికీ గట్టి నమ్మకం. ఎందుకు రావో మాత్రం ఎవరూ చెప్పలేరు. పరదేశికి ఆ ఎందుకుతో పనిలేదు. ఒక కల్యాణమండపం వెనక పారేసిన ఖాళీ వాటర్ బాటిళ్ళని రెండు గోనెసంచుల్లో కుక్కుకుని, నీలిమందు కొనుక్కుని ఇంటికొచ్చాడు.

శుక్రవారం తెల్లారగానే మొగుడూ పెళ్ళాం పనిలోకి దిగారు. రాజ్యం సీసాల్లో నీళ్ళు నింపి నీలం కలిపింది. పరదేశి అచ్చియ్యమ్మ గట్ల మీద కర్రలు పాతి, తాడు లాగి, బారెడుకో సీసా చొప్పున వేలాడదీశాడు. మొదట్లో నవ్వి పోయిన అచ్చియ్యమ్మ, మధ్యాహ్నానికి తనే వచ్చి ముడులు వదులుగా ఉన్నాయని మళ్ళీ కట్టించింది. నాలుగు గట్లూ పూర్తయ్యేసరికి మూడు దాటింది. దారిన పోయేవాళ్ళు బండి ఆపి మరీ ఇదేం పంటని అడిగారు.

ఇక అచ్చియ్యమ్మ పెట్టిన పరీక్ష. ఎండు నెత్తళ్ళ చేపల కూర కలిపిన అన్నం పళ్ళెంతో తను పొలం మధ్యలో నిలబడుతుందట. రాజ్యం కుక్కని గట్టు దాకా తెచ్చి వదలాలట. ఆ వాసనకి కూడా అది గట్టు దాటకపోతే ఇంక జన్మలో మేనేజరు ఊసెత్తదట. దాటిందా, రేపు ఆటోయే.

"నెత్తళ్ళంటే అన్యాయమత్తా," అన్నాడు పరదేశి నీరసంగా. "నానైనా దాటేస్తాను."

అచ్చియ్యమ్మ కరగలేదు, పళ్ళెంతో పొలం మధ్యకి నడిచింది. రాజ్యం కుక్కని తేవడానికి ఇంటికెళ్ళి, కాసేపటికి ఒక్కతే తిరిగొచ్చింది. మంచం కింద లేదు, గడ్డివాము దగ్గర లేదు, వీధిలో లేదు. సీసాల గొడవలో పడి పొద్దున్నుంచీ దాని మొహం ఎవరూ చూడలేదు. అల్లుడు ఒక రోజు ముందే వచ్చి దాన్ని ఎత్తుకుపోయి ఉంటాడని, ఇదంతా అచ్చియ్యమ్మ ఆడిన నాటకమని, రాజ్యం గట్టు ఇవతల నిలబడి ఏడుస్తూ తిట్టింది.

అచ్చియ్యమ్మ అంతకు రెండింతలు తిట్టేదే. ఈలోగా ఆవిడ వెనక చెరకాకులు గలగలమన్నాయి. ఒళ్ళంతా ఎండిన బురదతో మేనేజరు తోటలోంచి ఆవలిస్తూ బయటికొచ్చింది. మొదటి సీసా కట్టకముందే లోపలికి దూరి, అంతసేపూ చెరకు నీడలో నిద్రపోయింది. తిన్నగా అచ్చియ్యమ్మ దగ్గరికి నడిచి పళ్ళెం ఖాళీ చేసింది.

రాజ్యం కళ్ళు తుడుచుకుని దాన్ని ఇంటికి రమ్మని పిలిచింది. ఆ గొంతు వినగానే అది తోకూపుకుంటూ పరిగెత్తింది. గట్టు దగ్గరికొచ్చి, వరసగా ఊగుతున్న నీలం సీసాల్ని చూసి ఠక్కున ఆగింది. కుయ్యోమంటూ తోక ముడిచి వెనక్కి తిరిగింది. రెండో గట్టుకి పోయింది. అక్కడా సీసాలే. మూడో గట్టూ, నాలుగో గట్టూ చూసుకుని, చివరికి అచ్చియ్యమ్మ చీర కుచ్చిళ్ళ చాటున చేరి వణుకుతూ కూర్చుంది. ఎంత అదిలించినా కదల్లేదు.

అచ్చియ్యమ్మ ఖాళీ పళ్ళెం పట్టుకుని గట్టు అవతలున్న పరదేశి వైపు చూసింది.

"నాను సెప్పేను కాదేటత్తా," అన్నాడు పరదేశి నడుం మీద చేతులు పెట్టుకుని. "మా మేనేజరు ఇంక సచ్చినా నీ గట్టు దాటదు."