సగం తెరిచిన మూత

రేకు డబ్బా మూత కాస్త లేపిందో లేదో, పెట్రోలు వాసన గుప్పుమంది. ఆమె గబుక్కున మూత నొక్కేసింది.

డబ్బాలో ఉన్నవి కాలిన సోఫా ముక్కలు, పిడికెడు బూడిద. పైన అంటించిన చీటీ మీద ఉన్నది తమ్ముడి సోఫాల కొట్టు చిరునామా.

పోలీసు కేసుల ఆనవాళ్ళు తేల్చే ఆ ల్యాబులో ఇలాంటి డబ్బాలు ఆమె చేతిలో వందలు నలిగాయి. మూత కింద చిన్న బొగ్గు పట్టీ వేలాడదీయాలి. గాలి పోకుండా బిగించి, ఓవెన్‌లో ఒక రోజు వెచ్చబెట్టాలి. బూడిదలో నక్కిన పెట్రోలు ఆవిరై లేచి పట్టీకి అంటుకుంటుంది. ఆ పట్టీని కడిగి మిషన్‌కు ఇస్తే గుట్టు రట్టయినట్టే.

అయినవాళ్ళ కేసు వస్తే పెద్దసారుకు చెప్పి వేరేవాళ్ళకు అప్పగించాలని రూలు. ఆమె చెప్పలేదు.

“ఈ కొట్టు తగలబడితే గానీ నాకు పీడ వదలదక్కా!” పోయిన నెలే ఆమె ఇంట్లో అన్నం తింటూ అన్నాడు తమ్ముడు. అన్నంత పనీ చేశాడన్నమాట. లోపల పడుకున్న ముసలి కుట్టుపనివాడు ఒళ్ళు కాలి ఆసుపత్రిలో ఉన్నాడు. తమ్ముడు రెండుసార్లు ఫోన్ చేస్తే ఆమె ఎత్తలేదు. ఎత్తితే ఒప్పేసుకుంటాడేమోనని భయం.

అమ్మ పోయాక వాణ్ణి ఎత్తుకుని పెంచిన చేతులవి. ఆ చేతులే శనివారం మధ్యాహ్నం బొగ్గు పట్టీ పెట్టకుండా, పెట్రోలంతా గాల్లో కలిసిపోయేలా మూత సగం తెరిచి, వేడి బాగా పెంచి, డబ్బాను ఓవెన్‌లోకి తోశాయి.

ఆదివారం ఇంట్లో ఉండలేకపోయింది. కాళ్ళు ఆసుపత్రికి లాక్కెళ్ళాయి. గాజు తలుపు వెనక ముసలాయన కట్లతో పడుకుని ఉన్నాడు. బయట బెంచీ మీద ఆయన భార్య.

“ఎవరి తాలూకమ్మా నువ్వు?” అందావిడ జరిగి చోటిస్తూ.

“వేరేవాళ్ళను చూడ్డానికొచ్చానండీ” అంది. ఆ పక్కన కూర్చోలేకపోయింది. ఇంటికొచ్చి ఎంతసేపు కడుక్కున్నా చేతులకంటిన పెట్రోలు కంపు పోయినట్టనిపించలేదు.

సోమవారం పట్టీ పెట్టి, మూత బిగించి, అంతా పద్ధతి ప్రకారం చేసింది. మంగళవారం మిషన్ గీసిన గీత ఎక్కడా లేవకుండా చదునుగా సాగింది.

“సోఫాల కొట్టు డబ్బా ఏం చెప్పిందమ్మా?” అడిగారు పెద్దసారు.

“ఏమీ లేదు సార్.”

“నువ్వు చూశాక ఇంక నేను చూసేదేముంది!” అని చదవకుండానే సంతకం పెట్టేశారు. ఆమెకు తల ఎత్తబుద్ధి కాలేదు.

రిపోర్టు వెళ్ళిపోయాక తమ్ముడికి ఫోన్ చేసింది.

“పెట్రోలు ఆనవాలే లేదని రాసేశాను. నిన్నిక ఎవడూ ఏం చెయ్యలేడు. నీకోసం నేను చెయ్యరాని పని చేశానురా. ఇంకోసారి ఇలాంటి పాపం మూటగట్టుకున్నావంటే నీకు అక్క లేదనుకో!”

“నేనా!” అన్నాడు తమ్ముడు.

“పక్కకొట్టువాడు తలుపు సందులోంచి పెట్రోలు పోస్తుంటే ముసలాయన కళ్ళారా చూశాడక్కా, ఆ మాట ఎవరూ నమ్మకపోతే పోలీసుల కాళ్ళావేళ్ళా పడి ఆ డబ్బా మీ ల్యాబుకు పంపించింది నేనే!”