మన వైపు కుర్రాడు

"వచ్చేస్తుందండి, ఇంకో అరగంటే. కంగారు పడకండి," అన్నాడు ఫోన్లో వంశీ.

రాజరాజేశ్వరికి ప్రాణం కుదుటపడింది. మియాపూర్‌లో అయిదో అంతస్తు, మాడు పగిలే ఎండ, పొద్దుటి నుంచి కరెంటు లేదు. ఊపిరితిత్తులు పాడైన భర్త పార్థసారథికి ఆక్సిజన్ ఇచ్చే మెషిన్ ఆగిపోయింది. అవసరానికి ఉంటుందని దాచిన సిలిండరే ఇప్పుడు ఆయనకు దిక్కు. అదీ అయిపోవస్తోంది.

"రోజూ ఇలా తీసేస్తే ఎలా బాబూ?"

"వానల్లేక డ్యాములు ఎండిపోయాయండి. ఈ ఎండలకి ఇంటింటా ఏసీలాయె. ఉన్న కరెంటు చాలట్లేదండి."

కరెంటు పోయిందని ఫిర్యాదుల నంబరుకి మొదటిసారి ఫోన్ చేసిన రోజునే ఆవిడ, ఆ మాటతీరు విని, "ఏ ఊరు బాబూ మీది?" అని అడిగింది. "మీ వైపేనండి," అన్నాడు. అంతే, కరిగిపోయింది. పరాయి ఊళ్లో గోదావరి యాస చెవిన పడితే మనవాళ్లకి ఇంకేమీ అక్కర్లేదు. అప్పట్నుంచి ఫిర్యాదు పక్కన పెట్టి, అన్నం తిన్నావా అని అడగడం మొదలుపెట్టింది. "మీరు తిన్నారాండి?" అనేవాడు. సొంత మేనల్లుడు కూడా ఇంత ఓపిగ్గా మాట్లాడడని మురిసిపోయేది పిచ్చి తల్లి.

ఎదురు ఫ్లాట్ వసంత చెమటలు కక్కుతూ వచ్చింది. "ఇగ చూసింది చాలమ్మా. లిఫ్ట్ లేకుంటే ఏంది, మా ఆయన, వాచ్‌మన్ కలిసి సార్‌ను కుర్చీల కూసోబెట్టి దించుతరు. దవాఖానకు పోదాం."

"అయిదంతస్తులు దించితే ఆయన తట్టుకోలేరు వసంతా. అరగంటలో వస్తుందన్నాడుగా."

"ఫోన్ల ఎవరో చెప్తే నమ్ముతరా?"

"ఎవరో కాదు. మన వైపు కుర్రాడు."

వసంత వెళ్లిపోయింది. పార్థసారథి భార్య చెయ్యి పట్టుకుని ఏదో చెప్పబోయాడు. మాట రాలేదు.

అరగంట దాటింది. ఆవిడ మళ్లీ ఫోన్ చేసింది. "లైను సరిచేస్తున్నారండి. ఇంకాస్సేపు ఓపిక పట్టండి," అన్నాడు వంశీ, అదే చల్లటి గొంతుతో. వసంత మళ్లీ వచ్చింది. ఆవిడ మళ్లీ వద్దంది. తీరా ఫ్యాను తిరిగేసరికి పార్థసారథి చెయ్యి ఆవిడ చేతిలో చల్లబడిపోయి ఉంది.

పెద్దకర్మ అయ్యాక వసంతను తోడు తీసుకుని, ఆ నంబరు వాళ్ల ఆఫీసు ఎక్కడో వాకబు చేసుకుంటూ గచ్చిబౌలి వచ్చింది. శాపనార్థాలు పెట్టడానికి కాదు. కరెంటు రాదని ఒక్క మాట నిజం చెప్పి ఉంటే మొగుణ్ణి దక్కించుకునేదాన్ని కదా, ఎందుకు చెప్పలేదని అతన్ని మొహం మీదే అడగాలి. అది తెలియకుండా ఆవిడకి ముద్ద దిగడం లేదు.

ఆ అద్దాల మేడలో వణికేటంత చలి. దివ్య అనే ఉద్యోగిని వచ్చి, చెప్పిందంతా విని మొహం తిప్పుకుంది.

"మా మేనేజర్‌తో మాట్లాడిస్తానండి."

"మేనేజర్ నాకెందుకమ్మా? వంశీని పిలు. తిట్టనులే."

దివ్య ఏమనుకుందో, వాళ్లిద్దరినీ లోపలికి తీసుకెళ్లింది. పెద్ద అద్దం వెనక బీరువాలంతేసి నల్లటి కంప్యూటర్లు వరసలుగా ఉన్నాయి. వాటికి చిన్న చిన్న దీపాలు. చల్లగాలి హోరు తప్ప మనిషన్న అలికిడి లేదు.

"ఈ గది ఒక్క క్షణం కూడా వేడెక్కకూడదండి," అంది దివ్య నెమ్మదిగా. "ఆ రోజు కరెంటు చాలకపోతే మియాపూర్ లైన్లు ఆపి దీనికి ఇచ్చారు."

రాజరాజేశ్వరి అద్దానికి మొహం ఆనించి ఆ వరసల మధ్య వెతికింది.

"మరి వంశీ ఏడమ్మా?"

"ఇదేనండి వంశీ."