స్వల్ప అంతరాయం

పద్నాలుగో పేజీ రాసింది ఎవరని ఆడిటర్ అడగ్గానే ఆమె లేచి నిలబడింది.

కంపెనీ వార్షిక నివేదిక రాయడం ఆమె పని. ఆ పేజీలో ఒక్క వాక్యం దగ్గరే వచ్చింది పేచీ. 'బాయిలర్ విభాగంలో స్వల్ప అంతరాయం ఏర్పడి, సకాలంలో పరిష్కరించబడింది.'

అసలేం జరిగిందో ఆమెకే తెలియదు. పైవాళ్లు రాయమన్నది రాసింది.

"స్వల్పమంటే ఎంతమ్మా? పరిష్కరించిందెవరు?" అన్నాడు ఆడిటర్. "మాట తేటగా ఉంటే మాకు నాలుగు రోజుల పని. ఇలా రాస్తే ప్రతి కాగితం తిరగెయ్యాలి."

నాలుగు రోజుల పని నాలుగు వారాలకు సాగింది. ఆడిట్ ఫీజు రెట్టింపైంది. అదంతా ఆమె రాత వల్లేననీ, శుక్రవారంలోగా సంజాయిషీ ఇవ్వకపోతే వేరే ఉద్యోగం చూసుకోమనీ మేనేజర్ చెప్పేశాడు.

ఆ వారమే ఒక ముసలాయన ఆఫీసుకు రావడం మొదలుపెట్టాడు. పద్నాలుగో పేజీ రాసినావిడను చూడాలంటున్నాడని వాచ్‌మన్ వచ్చి చెప్పాడు. పేరు అడిగితే చెప్పలేదట.

ఎవరాయన? పేపరు మనిషా? కోర్టు మనిషా?

లేనని చెప్పించింది. మర్నాడూ అంతే.

మూడోనాడు వెనక మెట్లు దిగి జారుకోబోతుంటే గేటు దగ్గర ఎదురుపడ్డాడు.

"అమ్మా, ఒక్క మాట. ఆ రోజు జరిగింది చెబుదామని..."

"నాకేం తెలియదండీ. నన్నొదిలెయ్యండి."

వెనక నుంచి ఆయన ఇంకేదో అంటున్నాడు. వినకుండా పరుగులాంటి నడకతో రోడ్డెక్కింది. ఇంటికెళ్లి తలుపు గడియ పెట్టుకుంది.

నాలుగోనాడు ఆయన రాలేదు.

"ఇక రానన్నాడమ్మా" అన్నాడు వాచ్‌మన్. "మీరు భయపడుతున్నారట. భయపెట్టడం తనకిష్టం లేదన్నాడు."

ఆమె ఊపిరి పీల్చుకుంది.

శుక్రవారం ఉదయం ఆడిటర్ ఒక పాత ఫైలుతో ఆమె బల్ల దగ్గరికి వచ్చాడు. ఆమె 'స్వల్ప అంతరాయం' అని రాసిన రోజున బాయిలర్ వాల్వు బిగుసుకుపోయిందట. పేలితే పై అంతస్తులో భోంచేస్తున్న నలభై మందిలో ఒక్కరూ మిగిలేవారు కాదట.

ఆ నలభై మందిలో ఆమె కూడా ఉంది. కాసేపు కరెంటు పోయిందన్నదొక్కటే ఆమెకు గుర్తు.

"ఆపరేటర్ ఒక్కడే నిలబడి, చేతులు కాలిపోతున్నా వాల్వు తిప్పాడు. ఆ చేతులు ఇక పనికిరావని కంపెనీ ఆయన్ని పంపేసింది. సాక్ష్యం కోసం నిన్న వెళ్తే ఇంటికి తాళం. ఊరే వదిలి వెళ్లిపోయాడట."

ఆమె ఫైలు తెరిచింది.

మొదటి పేజీకి అంటించిన ఫొటోలో, తను మూడు రోజులు తప్పించుకు తిరిగిన ముసలాయన ఉన్నాడు.