స్ట్రాబెర్రీ తోట ఎవరిది?

"తోట నీదేనని ఒప్పుకో ముసలాయనా. అందరం పెందలాడే ఇళ్లకు పోదాం" అన్నాడు సర్కారు వకీలు.

"నాది కాదు దొరా. మా అమ్మాయిది" అన్నాడు ఇవాకిచి. బోనులో నిలబడ్డాడు. భయానికి చెక్క కమ్మీ గట్టిగా పట్టుకుంటే అది కిరకిరలాడింది.

భయం ఊరికే రాలేదు. జపానులో పుట్టినవాడు తెల్లవాడు కాడనీ, కాబట్టి అమెరికా పౌరుడు కాలేడనీ దేశపు పెద్ద కోర్టు మూడేళ్ల కిందట, అంటే 1922లో, తేల్చేసింది. పౌరుడు కాలేనివాడు చారెడు నేల కూడా కొనకూడదు, ఉంచుకోకూడదని కాలిఫోర్నియా చట్టం. ఇవాకిచి ఇక్కడికి వచ్చి పాతికేళ్లయింది. నడుం వంగింది, పళ్లూడాయి, హక్కు మాత్రం రాలేదు. అయితే కూతురు ఫుమియో ఈ గడ్డ మీదే పుట్టింది. ఇక్కడ పుట్టినవాళ్లు ఎవరైనా పౌరులే. అందుకే ఆ పిల్లకు పన్నెండేళ్లప్పుడు పన్నెండెకరాల తోట ఆమె పేరునే కొన్నాడు. ఇప్పుడు సర్కారు అనేది ఒకటే: పేరు కూతురిది, పెత్తనం తండ్రిది. అది రుజువైతే తోట సర్కారు పాలు.

"తోటకి కూలీలను ఎవరు పిలుస్తారు?"

"అమ్మాయే."

"మరి నువ్వేం చేస్తావ్?"

"నేనూ కూలీనే దొరా."

జనం నవ్వారు. ఇవాకిచికి మాత్రం చొక్కా తడిసి వీపుకి అంటుకుపోయింది.

"మీలో ఆడపిల్ల తండ్రి మాట జవదాటదని విన్నాను. నిజమేనా?"

"మీరు విన్నది నిజమే. కానీ మా పిల్ల దాటుతుంది. జుట్టు కత్తిరించుకోవద్దే అని మొత్తుకున్నాను. చూడండి, ఎలా చేసుకొచ్చిందో!"

ముందు బెంచీలో కూర్చున్న ఫుమియో చెవుల దాకా ఉన్న జుట్టును గబుక్కున సర్దుకుంది. ఈసారి జడ్జి కూడా నవ్వాడు. ఆ నవ్వు చూసి ఇవాకిచికి కాస్త ఊపిరాడింది. అంతలోనే సర్కారు వకీలు దగ్గరికొచ్చాడు.

"సరే, నీ మాటే నిజమనుకుందాం. రేపు ఆ పిల్లకి పెళ్లవుతుంది. మొగుడి వెంట పోతుంది. తోట ఎవరి చేతికొస్తుంది? నీ చేతికి. ఈ నాటకమంతా అందుకే కదా?"

జడ్జి ముఖంలో నవ్వు పోయింది. కలం తీసి ఏదో రాయడం మొదలుపెట్టాడు. ఇవాకిచికి పాతికేళ్ల చాకిరీ ఆ కలం కింద నలిగిపోతోందనిపించింది. భయం ముదిరితే నోరు ఊరుకుంటుందా?

"పోదు దొరా! మా పిల్ల ఎక్కడికీ పోదు! కొడుకుల్లేని ఇంటికి అల్లుణ్ని ఇల్లరికం తెచ్చుకోవడం మా ఆచారం. పోయిన నెలే పెళ్లి చేశాం. అల్లుడు తన ఇంటిపేరు వదిలేసి మా ఇంటిపేరు పెట్టుకున్నాడు. మీ నోటీసు వచ్చాకే తొందరపడ్డాం. ఇంటికీ తోటకీ యజమాని మా పిల్లేనని నలుగురికీ తెలియాలని!"

ఇవాకిచి తరఫు వకీలు హార్లన్ గారు చటుక్కున లేచి, మళ్లీ కూలబడ్డారు. ఆయనకు పెళ్లి సంగతి ఎవరూ చెప్పలేదు. తోట దావాకి పెళ్లితో ఏం పనిలే అనుకున్నారు తండ్రీకూతుళ్లు.

"నిజమేనా అమ్మా?" అడిగాడు జడ్జి.

ఫుమియో లేచి నిలబడింది. "నిజమేనండి. ఆయనే మా ఇంటికొచ్చారు. ఇప్పుడు కూడా తోటలో గడ్డి పరుస్తున్నారు. ఏ మడికి ఎప్పుడు నీళ్లు పెట్టాలో ఆయనకీ నాన్నకీ చెప్పేది నేనే."

"పాపం, ఇద్దరికీనా?" అన్నాడు జడ్జి. తర్వాత సర్కారు వకీలు వైపు తిరిగాడు. "ఇంతకన్నా రుజువేం కావాలండీ? తోట ఈ అమ్మాయిదే. తండ్రిది కాదు."

ఇవాకిచికి కళ్లలో నీళ్లు తిరిగాయి. తనది కాదన్నందుకు అంత సంతోషించిన మనిషి ఆ కోర్టులో మరొకరు ఉండి ఉండరు. జడ్జికి నడుం వంచి దండం పెట్టాడు. ఎందుకైనా మంచిదని సర్కారు వకీలుకీ ఒక దండం పెట్టాడు.

సర్కారు వకీలు కోపగించుకోలేదు. పైగా మర్యాదగా అడిగాడు.

"మీ అల్లుడిది ఏ ఊరు?"

"వకయామా దొరా! జపానులో మా సొంతూరే, మా వెనక వీధే. ఇక్కడికొచ్చి ఆరేళ్లయింది. నోట్లో నాలుక లేనివాడు."

సంతకం పెట్టబోతున్న జడ్జి చెయ్యి ఆగింది. గుమాస్తాని పిలిచి లావుపాటి పుస్తకం ఒకటి తెప్పించుకున్నాడు. పేజీలు తిప్పి ఒకచోట వేలు పెట్టి చదివాడు. మళ్లీ మొదటి నుంచి చదివాడు. హార్లన్ గారు రెండు చేతులతో తల పట్టుకున్నారు. ఏం జరుగుతోందో ఇవాకిచికి అంతుపట్టలేదు. కమ్మీ మళ్లీ పట్టుకున్నాడు.

"తోట మా అమ్మాయిదేనన్నారు కదా దొరా?"

"ఆమెదే."

"ఆమె ఇక్కడే పుట్టింది దొరా! కాగితం కూడా ఉంది!"

జడ్జి కళ్లజోడు తీశాడు. ఇవాకిచి వైపు చూడలేదు, ఫుమియో వైపు చూశాడు.

"ఈ దేశంలో పౌరుడు కాలేనివాణ్ని పెళ్లాడావు కదమ్మా, ఆ రోజే నీ పౌరసత్వం కూడా పోయింది."