మరక పడని కారవాన్

కిటికీ తెర కాస్త పక్కకు జరిపి హిల్డా మళ్ళీ చూసింది. చూడకుండా ఉంటే పోయేదే. కానీ కళ్ళు ఊరుకోవు కదా.

ఎదురుగా మేవిస్ కారవాన్, చక్రాల మీద చిన్న ఇల్లు. క్రీమ్ రంగు మీద ఆకుపచ్చ గీత. లేసు తెరలు. మెట్టు మీద మట్టి మరక లేదు. అద్దాల్లోంచి దిండ్లు కనిపిస్తున్నాయి. నిన్న ఎలా నిలబెట్టిందో అలాగే, ఒక్క ముడత లేకుండా.

"మనుషులేనా వీళ్ళు?" అంది హిల్డా.

"ఎవరు?" అన్నాడు మొగుడు వాల్టర్, పెనం మీద బేకన్ మాంసం ముక్కలు తిరగేస్తూ.

"ఇంకెవరు? ఎదురింటి మహారాణి!"

నిజంగానే ఎదురిల్లు. సొంతూరు ఓల్డామ్‌లోనూ వాళ్ళవి ఎదురెదురు ఇళ్ళే. ఆగస్టులో మిల్లు మూసిన రెండు వారాలూ వీధి వీధంతా సెలవులు గడపడానికి వేల్స్ తీరంలోని ఈ పొలానికే తరలి వస్తుంది. ఆ వీధిలో ప్రతి ఇంటికీ ఒక ముందు గది ఉంది. పాదిరిగారొస్తేనో, ఇంట్లోంచి శవం లేస్తేనో తప్ప దాని తలుపు తియ్యరు. ముందు గది అద్దంలా పెట్టుకోవడంలో హిల్డా ఎవరికీ తీసిపోదు. ఇక్కడికొచ్చాకే తల దించుకోవాల్సి వచ్చేది.

ఎందుకంటే హిల్డాది కారవాన్ కాదు. బస్సు. డిపోలో అమ్మకానికి పెట్టిన పాత బస్సును వాల్టర్ కొని, చక్రాలూడదీసి, ఇక్కడ నిలబెట్టాడు. సీట్లు తీసేసి మంచాలు వేశాడు. గంట తాడు మాత్రం ఉంచాడు. టీ కాగగానే దాన్ని లాగి, "ఎక్కేవాళ్ళు ఎక్కండి!" అనేవాడు. ఒకప్పుడు హిల్డా దానికి పడీ పడీ నవ్వేది. మేవిస్ కారవాన్ దిగినప్పటి నుంచీ నవ్వడం మానేసింది. పొలంలోని పిల్లలు కిటికీ కింద చేరి "టికెట్! టికెట్!" అని అరుస్తుంటే ప్రాణం చచ్చిపోయేది.

"దాని కారవాన్‌లోంచి వేపుడు వాసన ఎప్పుడైనా వచ్చిందా? రోజూ హోటల్ భోజనమే!"

"తిననీ, మన సొమ్మా?"

"ఆ షికార్లు చూశావా? పొద్దు వాలితే చాలు, చంకలో దుప్పటి, చేతిలో మొగుడి చెయ్యి, గట్టు వెంట ఒకటే ఊరేగింపు! పొద్దున మనం లేచేసరికి మళ్ళీ ఆ గట్టు వెంటే వస్తుంటారు. నిన్న దాని జుట్టులో గడ్డిపరక ఉంది తెలుసా? యాభై దాటాక ఈ సరసాలేమిటి, సిగ్గు లేకపోతే సరి!"

"నీకూ షికారు కావాలా ఏమిటే?"

"నాకు కారవాన్ కావాలి."

కుళాయి దగ్గర మేవిస్ కనబడితే హిల్డా ఉండబట్టలేక అడిగేసింది. "ఇల్లంత శుభ్రంగా ఎలా ఉంచుతావమ్మా దాన్ని?"

"ఏముంది తల్లీ, అలవాటే," అంది మేవిస్, నడుం పట్టుకుని మెల్లగా వంగుతూ. పక్కన ఆమె మొగుడు సిరిల్ వరసపెట్టి తుమ్ముతున్నాడు. "ఈయనకి సముద్రం గాలి పడి చావదు."

హిల్డాకి అరికాలి మంట నెత్తికెక్కింది. గాలి పడనివాడికి కూడా అంత కారవానా!

ఆ చలికాలమంతా ఇంట్లో కారవాన్ కోసం ఒకటే పోరు. వాల్టర్ దగ్గర అమ్మదగ్గవి పావురాలే. పందేలు గెలిచిన పావురాలు. పేరు పెట్టి పిలిస్తే భుజం మీద వాలేవి.

"వాటికంటే నేను లోకువైపోయానా?" అంది హిల్డా.

వాల్టర్ వాటిని తీసుకెళ్ళి పక్క ఊళ్ళో అమ్మేసి వచ్చాడు. ఎక్కడ వదిలినా ఇల్లు చేరే పందెం పావురాలు కదా, కొన్నవాడు గూడు తెరవగానే తిన్నగా ఇంటికొచ్చి కప్పు మీద వాలాయి. వాల్టరే వాటిని పట్టి, బుట్టలో పెట్టి, మళ్ళీ అప్పగించి వచ్చాడు. ఇంకోసారీ వచ్చాయి. ఇంకోసారీ అప్పగించాడు. ఆ తర్వాత కొన్నవాడు గూడు తెరవడమే మానేశాడు.

ఆగస్టు వచ్చింది. పాత ఇనుము కొనేవాడు బస్సును ఈడ్చుకుపోయాడు. ఆ చోట కొత్త కారవాన్ దిగింది. అదీ క్రీమ్ రంగే. గీత మాత్రం ఎరుపు, మేవిస్ గీతకంటే వేలెడు వెడల్పు.

హిల్డా వాల్టర్ చేత బూట్లు బయటే విప్పించింది. సీట్ల మీద పాత పేపర్లు పరిచింది. బేకన్ ఊసెత్తనివ్వలేదు. తుంపరలో మెట్టు మీద కూర్చుని అతను చల్లటి రొట్టె తిన్నాడు. టీ అందుకోబోతూ అలవాటు కొద్దీ చెయ్యి పైకెత్తాడు. అక్కడ తాడు లేదు.

"లోపల ఎప్పుడు కూర్చోవచ్చే?"

"మేవిస్ వచ్చి చూశాక."

పక్కలు నలుగుతాయని ఇద్దరూ కర్రల్లా బిగుసుకుని పడుకున్నారు. పొద్దున్నే పాల కోసం హిల్డా పొలం యజమానురాలు బ్లోడ్వెన్ ఇంటికి బయల్దేరింది. చాలా ఏళ్ళకి తలెత్తుకుని నడిచింది.

"కొత్తది దిగిందటగా!" అంది బ్లోడ్వెన్, పాలు పోస్తూ.

"మేవిస్ దానికంటే ఒక మూర పెద్దదే," అంది హిల్డా. "శుభ్రంగా ఉంచడమే చావుగా ఉంది. ఆవిడకెలా కుదురుతుందో!"

బ్లోడ్వెన్ పాల డబ్బాకి మూత పెట్టి, ఆమెకేసి వింతగా చూసింది.

"అది మాసిపోతుందని కొన్నప్పటి నుంచీ మొగుడూ పెళ్ళాం మా గడ్డికొట్టంలోనే కదమ్మా పడుకుంటున్నారు, మీకూ ఓ మూల ఊడ్పించమంటావా?"