వినికిడి గది

“తాడు దాటకూడదు బామ్మగారూ.”

అనడమైతే అంది కాని, గైడుకే మనసొప్పలేదు. బామ్మ ప్రతి గురువారం పదింటికల్లా టికెట్టు కొనుక్కుని, ఇనుపమెట్లు ఒక్కొక్కటే ఎక్కి వస్తుంది. రేపు ఈ పాత యుద్ధనౌకను మరమ్మతుకు లాక్కెళ్తారు. మళ్లీ జనానికి తెరిచేది మూడేళ్ల తర్వాతే. బామ్మకు ఇప్పటికే ఎనభై దాటాయి.

“ఆ గదిలో ఒక్కసారి కూర్చుంటానమ్మా. ఇంకేమీ అడగను.”

“ఇన్ని గురువారాలు ఊరుకుని ఇవాళా అడగడం?”

“నువ్వు కసురుకుంటావేమోనని.”

“నేనా? మా ఇంట్లో పిల్లి కూడా నాకు భయపడదు.”

బామ్మ బోసినోటితో నవ్వింది. గైడు అటూ ఇటూ చూసి తాడు కొక్కెం తీసింది.

బీరువాకంటే కాస్త పెద్ద గది అది. ఒక కుర్చీ, చెవులకు తగిలించుకునే ఫోన్లు. యుద్ధం రోజుల్లో సరుకు ఓడలకు కాపలా కాస్తూ, ఇక్కడ కూర్చున్న నావికుడు నీళ్లలోకి చప్పుడు పంపేవాడు. అడుగున దేనికైనా తగిలితే ఆ తగిలినచోటా వినపడేది, తిరిగొచ్చి ఇక్కడా వినపడేది. అలాగే ఒక జలాంతర్గామిని పట్టి ముంచారు. ఆ ముక్క చెప్పగానే బడిపిల్లలు చప్పట్లు కొడతారు. బామ్మ మాత్రం లేచి బయటికి పోతుంది. గోల పడదు కాబోలు అనుకునేది గైడు.

తను పుట్టకముందే నాన్న సముద్రంలో పోయాడని బామ్మ ఒకసారి చెప్పింది. తుఫానులో ఈ ఓడ మీంచి కొట్టుకుపోయిన ముగ్గురు నావికుల్లో ఒకరై ఉంటారని గైడు అప్పుడే అనుకుంది.

బామ్మ కుర్చీలో ఒదిగి కూర్చుంది. ఆమె చెవులకు ఫోన్లు తగిలించి గైడు మీట నొక్కింది. రికార్డు చేసిపెట్టిన ఆ చప్పుడు మొదలైంది. ఒక్క గంట కొట్టినట్టు, కాసేపు ఆగి, మళ్లీ ఒక్కటి.

బామ్మ కళ్లు మూసుకుంది. పెదవులు కదిలాయి.

“సరిగా వినపడుతోందా?”

“ఊఁ. ఆయన గొంతెలా ఉంటుందో నాకు తెలీదు. ఆయన చివరగా విన్నదైనా వినాలని ఉండేది.”

పదిసార్లు మోగాక బామ్మే ఫోన్లు తీసి, వాటిని రెండు చేతులతో కుర్చీలో పెట్టింది.

“నీ రుణం ఉంచుకోనమ్మా. ఏమైనా అడుగు.”

“అయితే ఒకటి చూపించండి.” గైడు ఆమె చెయ్యి పట్టుకుని నడవాలోకి తీసుకొచ్చింది. గోడమీద నావికులందరూ వరుసల్లో నిలబడి దిగిన ఫొటో ఉంది. “వీళ్లలో మీ నాన్నగారెవరు?”

బామ్మ ఆ ముఖాలన్నిటినీ ఓపిగ్గా చూసింది. కోపంగా కాదు, దూరపు చుట్టాల్ని చూసినట్టు.

“మా నాన్న వీళ్లు ముంచిన జలాంతర్గామిలో ఉన్నాడమ్మా.”